కొత్త గుమ్మం, పాత మొక్కు

‘మీదే ఊరు?’ అని జవహర్‌నగర్‌లో ఎవరినైనా అడిగితే జవహర్‌నగర్ అనే జవాబు తొందరగా రాదు. పాలమూరు జిల్లా అంటారు, మెదక్ దగ్గర అంటారు, శ్రీకాకుళం అంటారు. వచ్చి ఇరవై ఏళ్లయినా, పిల్లలు ఇక్కడే పుట్టి ఇక్కడి బళ్లోనే చదివినా, ఊరంటే మాత్రం అదే. మాజీ సైనికుల పునరావాసానికి కేటాయించిన భూములుగా మొదలైన ప్రాంతం ఇది. తర్వాత ఆ భూమి అరవై గజాలు, వంద గజాలుగా ముక్కలైంది. నోటరీ కాగితాల మీద చేతులు మారింది. ముందు రేకులు, ఆ పైన స్లాబులు లేచాయి. 2019లో మున్సిపల్ కార్పొరేషన్ అయింది. తెల్లారగానే సైనిక్‌పురి, ఏఎస్ రావు నగర్ ఇళ్లలో పనికి పోయే ఆడవాళ్లు, అడ్డా మీద నిలబడే తాపీ మేస్త్రీలు, ఆటోలు తోలేవాళ్లు ఒకవైపు. కొన్నేళ్లకోసారి బదిలీ కాగితం అందుకునే సీఆర్‌పీఎఫ్ కుటుంబాలు ఇంకోవైపు. 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ చిరునామాలోనూ జవహర్‌నగరే ఉంటుంది. ఏటా అక్కడ కొడుకునో కూతురినో హాస్టల్లో దింపి, కారెక్కాక ఒకరి మొహం ఒకరు చూసుకోలేని తల్లిదండ్రులు మరోవైపు.

ఇలాంటి చోట మార్పు గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. అయితే మార్పు వచ్చి మీద పడ్డప్పుడు అందరూ చెప్పే మాట ఒకటుంది: ‘ఉన్నదానికి దేవుడికి దండం పెట్టుకో, అంతా ఆయనే చూసుకుంటాడు.’ చెప్పడం తేలిక. ఉద్యోగం పోయిన నెలలో, ఇంటాయన పోయిన ఏడాదిలో, దండం దేనికని పెట్టాలి? పెడితే ఏమవుతుంది? ఈ రెండు ప్రశ్నలనూ కాస్త నిదానంగా చూద్దాం. నాకు తోచిన జవాబు ముందే చెప్పేస్తాను. ముందు మనసు నిండాలి, ఆ తర్వాత చేతులు జోడించాలి అని చాలామంది అనుకుంటారు. మన ఊళ్లలో నడిచిన వరస దాదాపు ఎప్పుడూ దీనికి తలకిందులుగానే ఉంది. చెయ్యి ముందు కదులుతుంది. మనసు తన తీరికన వస్తుంది.

మంచి మార్పూ బరువే

1967లో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహీ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు ఒక పట్టిక తయారు చేశారు. మనిషి బతుకులో వచ్చే 43 రకాల మార్పులను తీసుకుని, ఒక్కోదానికి సర్దుకోవడానికి ఎంత శ్రమ పడాల్సి వస్తుందో మార్కులు వేశారు. భార్యో భర్తో చనిపోవడానికి నూరు. అది ఎవరైనా ఊహిస్తారు. కానీ పెళ్లికి యాభై వేశారు. ఉద్యోగ విరమణకు నలభై అయిదు, ఇల్లు మారడానికి ఇరవై. చివరికి సెలవు మీద ఊరెళ్లడానికి, పండుగ చేసుకోవడానికి కూడా పదమూడు, పన్నెండు పడ్డాయి. అక్కడి మనుషులను అడిగి వేసిన మార్కులు కాబట్టి అంకెలు మనకు అచ్చంగా అతకవు. మనవాళ్లను అడిగి ఉంటే ఆడపిల్ల పెళ్లి చేయడానికే నూరు పడేదేమో. కానీ ఆ పట్టిక చెప్పే సంగతి మాత్రం నిజం. సొంతిల్లు కట్టుకున్నవాడికి కూడా నిద్ర పట్టదు. పిల్లకు మంచి కాలేజీలో సీటొచ్చిన ఇంట్లో కూడా తల్లి వంటింట్లో ఒక్కతే ఏడుస్తుంది. ‘అంతా మంచే జరిగింది కదా, ఇంకెందుకు దిగులు?’ అని అడిగేవాళ్లకు ఈ విషయం తెలియదు.

దిగులు ఎక్కడ పేరుకుంటుందో చెప్పినవాడు ఆర్నాల్డ్ వాన్ జెనెప్. 1909లో అచ్చయిన పుస్తకంలో ఆయన రకరకాల జాతుల ఆచారాలు చూసి, మనిషి ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి పోయేటప్పుడు మూడు మజిలీలు ఉంటాయన్నాడు: పాతదాన్ని విడవడం, మధ్యలో ఎటూ కాకుండా ఉండడం, కొత్తదానిలో చేరడం. మనకిది కొత్త సంగతి కాదు. అప్పగింతలు విడవడానికి, గృహప్రవేశం చేరడానికి. ఇంట్లో మనిషి పోతే పదకొండో రోజు, నెల మాసికం, సంవత్సరీకం అని మధ్య కాలానికి మెట్లు కట్టి పెట్టారు. ముస్లింలలో భర్త పోయిన ఇల్లాలికి ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. నలభయ్యో రోజున చాలీస్వాఁ చేస్తారు. క్రైస్తవుల ఇళ్లలో జ్ఞాపకార్థ కూడిక పెట్టి, పోయిన మనిషి బతికినన్నాళ్ల కోసం దేవునికి కృతజ్ఞతలు చెబుతారు. ఏడుపుకు ఒక తేదీ, ఏడుపు ఆపి నలుగురిలోకి రావడానికి ఇంకో తేదీ. ఎవరి మతం వారిదే గానీ లెక్క ఒకటే.

చిక్కెక్కడంటే, ఇప్పటి బతుకులో వచ్చే చాలా మార్పులకు ఈ మెట్లు లేవు. కంపెనీ నుంచి తీసేస్తే ఏ రోజున ఏం చేయాలో పంతులుగారు చెప్పరు. షుగరని డాక్టరు చెప్పిన రోజుకు, విడాకుల కాగితం చేతికొచ్చిన రోజుకు, ఓనర్ ఖాళీ చేయమన్న రోజుకు తంతు లేదు. రిటైరైతే ఒక శాలువా, ఒక దండ, మరునాడు పొద్దున ఎటు పోవాలో తెలియని కాళ్లు. కొడుకు శంషాబాద్‌లో విమానం ఎక్కితే ఫొటో దిగి ఇంటికి రావడమే. తంతు లేని ఈ ఖాళీలోనే మనిషి ఎక్కువ నలుగుతాడు. ఆ ఖాళీని నింపడానికి మనవాళ్లు ఎన్నడో కనిపెట్టుకున్నది మొక్కు. దానికి ముహూర్తం అక్కర్లేదు, పంతులు అక్కర్లేదు, కులం అడ్డు రాదు. బస్సులో కూర్చుని కూడా మొక్కుకోవచ్చు.

డోలీ మోసే మనిషి మొక్కు

మొక్కు ఎలా పనిచేస్తుందో చూడడానికి సికింద్రాబాద్ దాకా పోతే చాలు. ఉజ్జయినీ మహంకాళి గుడి పుట్టుక గురించి చెప్పుకునే కథ ఇది. సురిటి అప్పయ్య సైన్యంలో డోలీ మోసే మనిషి. 1813లో ఆయన దళాన్ని ఉజ్జయిని పంపారు. సరిగ్గా అప్పుడే ఇక్కడ జంటనగరాల్లో మహమ్మారి లేచి జనం రాలిపోతున్నారు. ఆయన ఉన్నది అక్కడ, ఇల్లూ వాకిలీ ఇక్కడ. ఉజ్జయినిలో మహంకాళి ముందు నిలబడి, మా ఊరు గట్టెక్కితే నిన్ను అక్కడ నిలబెట్టుకుంటానని మొక్కుకున్నాడు. తిరిగొచ్చాక 1815లో సికింద్రాబాద్‌లో అమ్మవారిని ప్రతిష్ఠించాడు. ఆషాఢంలో గోల్కొండ తర్వాత లష్కర్ బోనాలంటూ లక్షల మంది కదిలే జాతరకు మొదలు అక్కడుందని ఆ గుడి చరిత్ర చెబుతుంది.

ఈ కథలో నన్ను పట్టుకునేది అద్భుతం కాదు. మహమ్మారి దేనివల్ల తగ్గిందన్నది వేరే సంగతి. పైవాళ్లు పొమ్మన్న చోటికి పోవడం తప్ప దారి లేని మామూలు మనిషి ఆయన. తన చేతిలో ఏమీ లేని రోజున నాలుగు పనులు చేశాడు. తన భయం ఏమిటో బయటికి చెప్పాడు. ఎవరికి చెబుతున్నాడో ఎంచుకున్నాడు. తిరిగొచ్చాక తన చేత్తో చేయగల పని ఒకటి ఒప్పుకున్నాడు. వచ్చాక ఆ పని చేశాడు. భయం, ఆశ, కృతజ్ఞత మూడూ ఒకే తాడు మీద ఉన్నాయి. ‘ఇప్పుడేమీ చేయలేను’ అనే చోట మొదలై ‘చేశాను’ అనే చోట తేలింది. సైనికుల కోసం కేటాయించిన నేల మీద పెరిగిన జవహర్‌నగర్‌కు, ఇక్కడికి బదిలీ మీద వచ్చే కుటుంబాలకు, ఈ అప్పయ్య చుట్టమే అవుతాడు.

ఆషాఢం, శ్రావణం ఆదివారాల్లో ఇక్కడి గల్లీల్లో ఏ ఇంటి ముందు నిలబడినా మొక్కు చెల్లించే తీరు కనిపిస్తుంది. కుండను ముందు రోజే తెచ్చి కడిగి ఆరబెడతారు. ఇత్తడి బిందె ఉన్నవాళ్లు చింతపండుతో తోముతారు. పొద్దున తలస్నానం చేసి, పొయ్యి కడిగి, కొత్త బియ్యంలో పాలు, బెల్లం వేసి వండుతారు. ఆ అన్నం కుండలోకి పోయాక బయట సున్నం, పసుపు, కుంకుమ బొట్లు పడతాయి. మెడ చుట్టూ వేప రెమ్మలు కడతారు. పైన మూతలో నూనె పోసి దీపం. తల మీద చుట్టకుదురు పెట్టి దాని మీద బోనం ఎత్తాక, పక్కన చిన్న చెంబులో సాక నీళ్లు. గుడి దాకా నడిచే ఆ కాసేపు మెడ కదపకూడదు, దీపం ఆరకూడదు. ఎత్తినామెకు ఆ నడకలో ఇంకో ఆలోచనకు తావుండదు. పొద్దుటి నుంచి కృతజ్ఞత గురించి ఆమె ఒక్క ముక్క కూడా అనుకుని ఉండకపోవచ్చు. కుండ కడగడం, బియ్యం ఏరడం, గాలికి దీపం ఆగుతుందా లేదా చూసుకోవడం, ఇదే ఆమె పని. గుడి ముందు సాక పోసి కుండ దించినప్పుడు కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అడిగితే ఎందుకో చెప్పలేదు. చేతి పని ముందు, మనసు వెనక అని పైన అన్నది ఇదే.

కిరాయి ఇల్లు మారేటప్పుడూ ఇదే వరస. సొంతిల్లు కాకపోయినా, ఒక్క గదైనా, ట్రాలీ ఆటో నుంచి సామాను దించకముందే దేవుడి పటం, పసుపు, ఉప్పు, బియ్యం, బిందెడు నీళ్లు లోపలికి పోతాయి. గ్యాస్ పొయ్యి పెట్టి పాలు పొంగిస్తారు. గిన్నె అంచు దాటి నురగ పొయ్యి మీద పడేదాకా అందరూ చుట్టూ నిలబడి చూస్తారు. ఆ పాలతోనే పరమాన్నం వండి, ముందు పక్క పోర్షన్ వాళ్లకు గిన్నెలో పంపుతారు. పంపిన గిన్నె ఖాళీగా తిరిగి రాదు. నాలుగు మిరపకాయలో, గుప్పెడు చక్కెరో వేసి ఇస్తారు. మంచినీళ్లు ఏ రోజు వస్తాయి, చెత్త బండి ఎన్ని గంటలకు, ఏ దుకాణంలో ఖాతా పెడతారు అనే సమాచారమంతా ఆ గిన్నె వెంటే వస్తుంది. వాన్ జెనెప్ చెప్పిన మూడో మజిలీ, కొత్తదానిలో చేరడం, ఇక్కడ ఒక పరమాన్నం గిన్నె ఖర్చుతో అయిపోతుంది.

రాసి చూసినవాళ్ల సంగతి

మనవాళ్లు ఆచారంగా చేసినదాన్ని కొందరు పరీక్ష పెట్టి చూశారు. అమెరికాలో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లా 2003లో ప్రచురించిన అధ్యయనం ఇందులో పేరున్నది. విద్యార్థులను మూడు గుంపులు చేశారు. వారానికోసారి ఒక గుంపు తాము కృతజ్ఞతగా ఉన్న అయిదు సంగతుల దాకా రాయాలి, ఇంకో గుంపు విసిగించినవి రాయాలి, మూడో గుంపు జరిగినవి ఊరికే రాయాలి. దాదాపు పది వారాల తర్వాత మొదటి గుంపు వాళ్లు తమ బతుకు గురించి మిగతావాళ్లకంటే మెరుగ్గా చెప్పుకున్నారు. రాబోయే వారం మీద కాస్త ఆశ పెంచుకున్నారు. 2005లో మార్టిన్ సెలిగ్మన్ బృందం ఇంకో రెండు పనులు పరీక్షించింది. రోజూ రాత్రి ఆ రోజు బాగా జరిగిన మూడు సంగతులు, అవి ఎందుకు జరిగాయో రాయడం ఒకటి. మేలు చేసినా సరిగ్గా థ్యాంక్స్ చెప్పని ఒక మనిషికి ఉత్తరం రాసి, స్వయంగా పోయి ఇవ్వడం రెండోది. ఉత్తరం ఇచ్చినవాళ్ల సంతోషం బాగా ఎక్కువ పెరిగి, నెల దాకా నిలిచి, తర్వాత దిగిపోయింది. మూడు సంగతులు రాసుకున్నవాళ్లలో పెరిగింది కొంచెమే అయినా ఆరు నెలల దాకా నిలిచింది.

వీటిని మరీ ఎక్కువ చేసి చెప్పకూడదు. తర్వాత వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసినవాళ్లు, దిగులు, ఆందోళన మీద ఈ రాతల ప్రభావం ఉన్నమాట నిజమే గానీ చిన్నదేనని తేల్చారు. నోటుబుక్కు వైద్యం కాదు. అయినా సెలిగ్మన్ పరీక్షలో ‘ఎందుకు జరిగింది?’ అన్న ప్రశ్న నాకు ముఖ్యమనిపిస్తుంది. ‘ఈ రోజు పని దొరికింది’ అని రాస్తే ఒక వాక్యం. ఎందుకు దొరికిందని అడిగితే, పొద్దున ఫోన్ చేసి సైట్ చిరునామా చెప్పిన మేస్త్రీ గుర్తొస్తాడు. కృతజ్ఞతకు ఒక మనిషి దొరుకుతాడు. మనిషి దొరికితే చేయాల్సిన పని కూడా దొరుకుతుంది. జవహర్‌నగర్‌కు కొత్తగా వచ్చి స్థిరపడ్డ ప్రతి కుటుంబం వెనకా ఇలాంటి పేర్లు మూడో నాలుగో ఉంటాయి: మొదటి నెల అడ్వాన్స్ లేకుండా గది ఇచ్చినవాళ్లు, చేబదులిచ్చినవాళ్లు, పిల్లను బళ్లో చేర్చేటప్పుడు ఫారం నింపి పెట్టినవాళ్లు. వాళ్లకు ఉత్తరం రాయక్కర్లేదు. పండుగనాడు ఫోన్ చేసి, ‘అన్నా, ఆనాడు నువ్వు గది ఇప్పించకపోతే మేమేమయ్యేవాళ్లమో’ అంటే చాలు. చేబదులు ఇంకా తీర్చకపోతే ముందు అది తీర్చాలి, అది వేరే సంగతి.

ఇల్లు మారినప్పుడో, ఉద్యోగం పోయినప్పుడో ఇలా పేర్లు తలుచుకోవడానికి ఇంకో ప్రయోజనం ఉంది. మార్పు మనిషిని ముందు ఒంటరిని చేస్తుంది. నేను ఎవరికీ కాకుండా పోయాను అనిపిస్తుంది. పేర్లు రాస్తే ఆ మాట అబద్ధమని కాగితం మీద కనిపిస్తుంది. ఊళ్లో బొడ్రాయి పండుగకు ఆడపడుచులను, వలస పోయినవాళ్లను పేరుపేరునా పిలిచేది ఇందుకే. పాలమూరు పల్లె నుంచి పిలుపొస్తే జవహర్‌నగర్‌లో కూలి మానుకుని మరీ బస్సెక్కేవాళ్లను చూస్తుంటాం. నీ పేరు మా లెక్కలో ఉంది అని ఊరు చెబుతున్నట్టు.

దేవుడితో గొడవ

ఇప్పుడు అసలు కష్టమైన చోటికి వద్దాం. దుఃఖంలో ఉన్న మనిషికి కృతజ్ఞత నేర్పబోయేవాళ్లు చేసే హాని తక్కువేమీ కాదు. ‘ఇంకా నయం, కాలుతో పోయింది, ప్రాణం దక్కింది.’ ‘ఇంకా నయం, పిల్లలైనా ఉన్నారు.’ చెప్పేవాళ్లు మంచికే చెబుతారు. వినేవాళ్లకు మాత్రం నోరు మూసుకోమన్నట్టు వినిపిస్తుంది. కృతజ్ఞత ఒకరు చెబితే పుట్టదు. అందులోనూ వేరేవాడి కష్టం చూపించి నీది చిన్నదని చెప్పడం కృతజ్ఞత ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

మన భక్తి సంప్రదాయం ఈ విషయంలో మనకంటే తెలివైనది. కంచర్ల గోపన్నను, అంటే భద్రాచల రామదాసును చూడండి. తానీషా కాలంలో పాల్వంచ తహసీల్దారు. సర్కారు సొమ్ముతో గుడి కట్టించాడని గోల్కొండలో ఖైదు పడ్డాడు. పన్నెండేళ్లంటారు. పదవి, పరువు, ఇల్లు అన్నీ ఒక్కసారి పోయినవాడు. ఆ చెరలో ఆయన రాముడికి దండాలు మాత్రమే పెట్టలేదు. సీతకు, లక్ష్మణుడికి చేయించిన నగలు ఒక్కోటి పేరు పెట్టి, ఖర్చు లెక్క చెప్పి, ఎవరబ్బ సొమ్మని పెట్టుకు తిరుగుతున్నావని నిలదీశాడు. ఆ తర్వాత అదే నోటితో, దెబ్బలకు తాళలేక తిట్టాను, ఏమీ అనుకోవద్దని బతిమాలాడు. తిట్టు, లెక్క, క్షమాపణ, భక్తి అన్నీ ఒకే కీర్తనలో ఉన్నాయి. తెలుగువాళ్లు దాన్ని దైవదూషణ అనలేదు. భజన మండళ్లలో తాళం వేస్తూ పాడుకున్నారు, ఇప్పటికీ పాడుకుంటున్నారు.

క్రైస్తవుల కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే. ఎన్నాళ్లు మరచిపోతావు, ఎందుకు విడిచిపెట్టావు అని అడిగేవే. కురాన్‌లో యాకూబ్ కొడుకును పోగొట్టుకుని కళ్లు పోయేలా ఏడుస్తాడు. అంత ఏడ్చి కూడా, నా గోడు అల్లాకే చెప్పుకుంటున్నానంటాడు. ఆయన సబర్‌లో ఆ గోడూ ఉంది. అందుకే హైదరాబాద్ ముస్లింల ఇళ్లలో సబర్, షుకర్ జంటగా వినిపిస్తాయి. ఓర్చుకోవడం, కృతజ్ఞత చెప్పుకోవడం, రెండిట్లో ఏ రోజు ఏది చేతనైతే అది.

కాబట్టి ప్రార్థన అంటే మంచి మాటలే పలకాలనుకునేవాళ్లు కాస్త ఊపిరి తీసుకోవచ్చు. మార్పు మొదటి వారాల్లో నిజాయితీగా చేయగలిగిన ప్రార్థన బహుశా ‘నాకు భయంగా ఉంది’, ‘నాకు కోపంగా ఉంది’ అనేదే. అది చెప్పుకోవడానికి కీసరగుట్ట ఎక్కినా సరే, శామీర్‌పేట చెరువు దగ్గరి కట్టమైసమ్మ ముందు కూర్చున్నా సరే, మౌలాలి గుట్ట మెట్లెక్కినా సరే, బొల్లారంలో చర్చి బెంచీ మీదైనా సరే. ఇవేవీ పట్టనివాళ్లు డాబా మీద ఒక్కరే కూర్చుని కాగితం మీద రాసుకున్నా తప్పులేదు. ఆ చెప్పుకోవడం అయ్యాక ఒక చిన్న పని ఒప్పుకోవాలి. పసుపు గుడ్డలో పదకొండు రూపాయలు ముడుపు కట్టడమో, శుక్రవారం దీపమో, ఆదివారం సంఘంలో అన్నం వడ్డించడమో, ఏదో ఒకటి. చిన్నదైతేనే అది జరుగుతుంది.

ఒంటి సంగతి కూడా కొంచెం. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇటలీకి చెందిన లూచియానో బెర్నార్డీ బృందం ఒక ప్రయోగం ప్రచురించింది. లాటిన్‌లో జపమాల ప్రార్థన చదివించినా, యోగ మంత్రం జపించమన్నా, చదివేవాళ్ల ఊపిరి నిమిషానికి దాదాపు ఆరుకు దిగింది. మామూలుగా మనం అంతకు రెండింతలు, అంతకు పైనే తీస్తాం. ఊపిరి ఆ వేగంలో నడిచినప్పుడు గుండె లయ, రక్తపోటు కుదురుకునే తీరు మెరుగ్గా కనిపించింది. విష్ణు సహస్రనామమైనా, తస్బీ తిప్పడమైనా, నిదానంగా పైకి చదివితే ఊపిరి పొడుగవుతుంది. హడావుడిగా ఒప్పజెప్పినవాళ్లకు ఈ లాభం దక్కదు.

మొక్కు మోయలేనంత అయితే

ప్రార్థన ఏం చేయదో కూడా చెప్పాలి. 2006లో హెర్బర్ట్ బెన్సన్ బృందం అమెరికాలో ఆరు ఆసుపత్రుల్లో గుండెకు బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మంది మీద పరీక్ష చేసింది. కొందరి కోసం వేరే ఊళ్లలోని భక్తులు ప్రార్థించారు. దానివల్ల ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులు తగ్గలేదు. తమ కోసం తప్పకుండా ప్రార్థిస్తున్నారని తెలిసినవాళ్లలో 59 శాతం మందికి ఇబ్బందులు వస్తే, తెలియనివాళ్లలో 52 శాతానికి వచ్చాయి. నా పరిస్థితి ప్రార్థనల దాకా వచ్చిందా అనే బెంగ పట్టుకుందేమోనని కొందరు వివరించారు. దీన్నిబట్టి దేవుడు ఉన్నాడనీ లేడనీ ఎవరూ తేల్చలేరు. మందులు ఆపకూడదని మాత్రం తేలుతుంది. ప్రార్థనతో నయమైంది, గోలీలు మానేయమని చెప్పేవాళ్లు ఏ మతంలో ఉన్నా వాళ్ల మాట వినొద్దు. టీబీ, షుగర్, మూర్ఛ, మానసిక జబ్బులు ఉన్నవాళ్లు అసలే వినొద్దు. నిద్ర, తిండి, పని మీద ధ్యాస వారాల తరబడి పోతే, చచ్చిపోవాలనిపిస్తే, ప్రార్థన పక్కన పెట్టమని కాదు గానీ ముందు ఫోన్ చేతికి తీసుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్‌కు 14416 నంబరు మీద ఏ వేళైనా చేయొచ్చు. ఉచితం. తెలుగులో మాట్లాడతారు.

ఇంకొకటి పైసల సంగతి. కష్టంలో ఉన్నప్పుడు మొక్కు పెద్దదవుతుంది. యాట మొక్కుతాం, చుట్టాలందరికీ దావత్ మొక్కుతాం. గండం గడిచాక ఆ మొక్కు తీర్చడానికి వడ్డీకి తెస్తాం. తీరిన కష్టం వెనకే అప్పు కష్టం వచ్చి కూర్చుంటుంది. మైసమ్మ తల్లి అప్పు పత్రం చూడదు. కొబ్బరికాయ మొక్కు కూడా మొక్కే. చెల్లించలేనంత మొక్కుకున్నవాళ్లు, అమ్మా ఈ ఏడు ఇంతే అని చెప్పుకుని తగ్గించుకోవడం ఊళ్లలో పాత అలవాటే. పెద్దవాళ్లను అడిగితే చెబుతారు.

చివరగా కృతజ్ఞతను లొంగుబాటుగా మార్చేవాళ్ల గురించి. జవహర్‌నగర్ అంటే మహానగరం మొత్తానికి డంపింగ్ యార్డ్ గుర్తొస్తుంది. నగరం చెత్త దశాబ్దాలుగా ఇక్కడికే వస్తోంది. ఎకరాల కొద్దీ పేరుకున్న పాత గుట్ట మీద పొరలు కప్పారు, చెత్తతో కరెంటు తీసే ప్లాంటు పెట్టారు. అయినా వానాకాలంలో వాసన, బోర్లలో నీళ్ల రంగు గురించి ఇక్కడివాళ్లు చెప్పేది ఆగలేదు. ‘ఈ మాత్రం ఇల్లైనా దొరికింది, దానికే దండం పెట్టుకోండి’ అని వాళ్లతో అనేవాళ్లున్నారు. ఇల్లు దొరికినందుకు వాళ్లు దండం పెడుతూనే ఉన్నారు, ఆషాఢంలో బోనం ఎత్తుతూనే ఉన్నారు. ముక్కు మూసుకుని పడి ఉంటామని ఆ మొక్కులో ఎక్కడా లేదు. రామదాసు రాముడినే లెక్క అడిగినప్పుడు, మనం మున్సిపాలిటీని అడిగితే తప్పేమిటి? మేడ్చల్ మల్కాజిగిరి కలెక్టరేట్ శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలో ఉంది. సోమవారం ప్రజావాణి. కట్టమైసమ్మకు మొక్కుకుని పోయేవాళ్లు పోవచ్చు. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ముద్ర వేయించుకుని, ఆ కాగితం మాత్రం ఇంట్లో భద్రంగా దాచుకోవాలి.